బావ ఉప్పు మానిన వైనం

రంగూను,
శ్రావణ మాసం.

మా అప్ప నీలమ్మకు తమ్ముడు నారాయణ వంగి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ బావా క్షేమంగా ఉన్నాం. అక్కడ నువ్వూ, మీ అత్తగారూ, ఇరుగుపొరుగు అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. తలుస్తున్నానని రాశానే గాని, పోయిన వారం నీ ఉత్తరం చదివిన దగ్గర నుంచి ఆ తలపు నాకు నిలవడం లేదు. ఆ సంగతి చివర రాస్తాను. ఆవు ఈనిందా? ఊడ్పులు అయ్యాయా? అక్కడ వానలు పడుతున్నాయో లేదో గాని, ఇక్కడ జ్యేష్ఠం నుంచి ఆకాశానికి చిల్లు పడ్డట్టే ఉంది. కట్టుకున్న బట్ట ఆరదు. గోడల మీద బూజు, చాప కింద తేమ. గుమాస్తా పని గనుక నేను మిల్లులో కప్పు కింద కూచుని బస్తాలు రాసుకుంటున్నాను. బావకు ఆ సుఖం కూడా లేదు. మొన్నటిదాకా రేవులో తడుస్తూనే కూలీలను నడిపించాడు.

ఈ ఉత్తరం నీకు చదివి పెట్టే బడిపంతులు గారికి నా నమస్కారాలు. పంతులు గారూ, పోయినసారి ఉప్పు గురించి నేను ఒక పేజీ నిండా రాశాను. మా అప్ప జవాబు చూస్తే అందులో 'పత్యం' అన్న ఒక్క మాటే ఆమె చెవిన పడినట్టుంది. ఆమె బాధపడుతుందని మీరు కొంత దాటవేసి ఉంటారు. మీ మంచితనం నాకు తెలుసు. ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు చదవండి. మధ్యలో ఆమె పొయ్యి చూసి వస్తానని లేచిపోతే, తిరిగి వచ్చి కూచున్నాకనే మిగతాది చదవండి.

అప్పా, ముందే చెప్తున్నాను, కంగారు పడకు. బావ బతికే ఉన్నాడు. లేచి తిరుగుతున్నాడు. తన చేత్తో తాను అన్నం తింటున్నాడు. నేను ఇది రాస్తుంటే ఎదురుగా చాప మీద కూచుని, "నాను పడిపోన సంగతి రాయకురా, అది బెంగెట్టుకుంటాది," అంటున్నాడు. రాస్తున్నాను. మూడు నెలలుగా ఆయనతో చెప్పలేక, నీకు చెప్పలేక, ఇద్దరి మధ్యా నాకు తల వాచిపోయింది.

వైశాఖంలో మొదలైంది ఇది. పొద్దున లేవగానే తల వెనక భాగం బరువుగా ఉందని బావ తలకు తుండుగుడ్డ బిగించి కట్టుకునేవాడు. ఒకనాడు మొహం కడుక్కుంటుంటే ముక్కులోంచి రక్తం కారింది. ఒక చుక్కా రెండు చుక్కలూ కాదు, తుండుగుడ్డ సగం తడిసింది. నేను హడలిపోయాను. ఆయన మాత్రం తల పైకెత్తి, "యేడి సేసినాది, అంతే. కొబ్బరి నూని రాత్తే పోద్ది," అన్నాడు. నూనె రాశాడు. నాలుగు రోజులకు మళ్ళీ కారింది. అప్పుడు నేను మిల్లుకు సెలవు చెప్పి, ఆయన్ని లాక్కుని పోయినంత పని చేసి, మన తెలుగు డాక్టరు గారి దగ్గరకు తీసుకుపోయాను. గోదావరి జిల్లా మనిషి, నెమ్మదైన వాడు. మన రేవు కూలీలను ఎవరినీ కసురుకోడు.

ఆయన బావ మోచేతి పైన ఒక గుడ్డ పట్టీ చుట్టాడు. దాని లోపల రబ్బరు సంచీ ఉంటుందట. ఒక రబ్బరు బుడ్డి నొక్కుతుంటే అది పొంగి చేతిని బిగిస్తుంది. పక్కన పెట్టెలో గాజు గొట్టం, అందులో పాదరసం పైకెక్కుతుంది. బావ ఆ పాదరసం వంకే చూస్తూ, "బాబూ, నా బలం కొలుత్తన్నారేటి?" అని అడిగాడు.

"బలం కాదయ్యా. నీ ఒంట్లో రక్తం నాళాలను ఎంత గట్టిగా తోస్తోందో కొలుస్తున్నాను," అన్నాడు డాక్టరు. ఒకసారి కొలిచి ఊరుకోలేదు. బావను కాసేపు కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, రెండో చేతికి కట్టి చూశాడు. తరవాత మళ్ళీ మొదటి చేతికి. ఆ మనిషి మొహం చూస్తే నాకు అర్థమైంది, పాదరసం ఉండవలసిన చోట లేదని.

"మీ నాన్న ఉన్నాడా?" అని అడిగాడు.

బావ చెప్పాడు. అప్పా, నీకు నేను చెప్పనక్కర లేదు. కొబ్బరికాయలు దింపిస్తూ దింపిస్తూ మీ మామగారు తోటలో కూలిపోవడం, మూతి ఒక పక్కకు పోవడం, కుడి చెయ్యీ కాలూ పడిపోవడం నువ్వు కళ్ళారా చూశావు. గాలి సోకిందన్నారు. మంత్రించారు. ఏడాది పాటు మంచంలో ఉన్న మనిషికి గంజి తాగించింది నువ్వు, పక్కలు మార్చింది నువ్వు. డాక్టరు అంతా విని, "అది గాలీ కాదు, ధూళీ కాదు. ఆయనకూ ఇదే ఉండి ఉంటుంది. ఎవరూ కొలిచి చూడలేదు," అన్నాడు.

బావ నమ్మలేదు. "నాకేటీ నొప్పి నేదండి. ముక్కులోంచి కారింది గానీ అదీ పోనాది," అన్నాడు.

"నొప్పి ఉంటే నువ్వు నా మాట వినేవాడివి. నొప్పి లేకపోవడమే దీనితో వచ్చిన చిక్కు," అన్నాడు డాక్టరు. "ఇది లోపల్లోపలే ఏళ్ళ తరబడి పని చేస్తుంది. మెదడులో నాళం చెడితే మీ నాన్నకు అయినట్టు అవుతుంది. గుండె అలసిపోతే నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది. మూత్రపిండాలు చెడితే కాళ్ళు పొంగుతాయి. కంటి చూపు మసకబారుతుంది. అంతవరకూ నువ్వు బాగానే ఉన్నాననుకుంటావు."

"అయితే మందియ్యండి, తాగుతాను."

"దీన్ని కడిగేసినట్టు పోగొట్టే మందు నా దగ్గర లేదు. ఇంకొకరి దగ్గరా లేదు. నీ చేతిలో ఉన్నదే మందు." ఇలా అని వేళ్ళు మడిచి చెప్పాడు. ఉప్పు బాగా తగ్గించాలి. ఎండు చేపలు, ఊరగాయలు, ఇక్కడి వాళ్ళు నప్పి అని తినే ఉప్పు చేపల ముద్ద, ఇవేవీ తాకకూడదు. సారా, చుట్ట మానాలి. పొట్ట తగ్గాలి. కంటి నిండా నిద్రపోవాలి. కోపం తెచ్చుకుని అరవకూడదు. బాగున్నా బాగులేకున్నా పదిహేను రోజులకోసారి వచ్చి కొలిపించుకోవాలి.

బావ అన్నీ విన్నాడు. చివరకు, "అరవకండా మేత్రీ పని ఎలాగండి?" అన్నాడు. డాక్టరు నా వంక చూశాడు.

ఇక చూడు అప్పా, నా అవస్థ. ఇంటికి వస్తూనే బావ మా కూలీ ఇళ్ళ లైనులో అందరికీ ఒకటే చెప్పాడు, గొప్పగా. "నాకు రగతం ఎక్కువున్నాదట. మీకెవులికీ నేనంత ఉన్నాదట." పక్క గదిలో ఉండే టెక్కలి సింహాచలం కూడా మేస్త్రీయే. అతను, "ఎక్కువైతే కొంత తీయించేత్తే సరి. దానికి ఉప్పు మానడమెందుకు?" అన్నాడు. రక్తం ఎక్కువ కావడం కాదురా బాబూ, దాని తోపు ఎక్కువ కావడం అని నేను గొంతు చించుకున్నాను. ఇద్దరూ నా వంక జాలిగా చూశారు, నాకే ఏదో రోగం వచ్చినట్టు.

వంట నేనే కదా చేసేది. పులుసులో ఉప్పు తగ్గించి, చింతపండు కాస్త ఎక్కువ వేసి, అల్లం, మిరియాలు, ఉల్లిపాయ వేసి చేశాను. పొద్దున చోడి అంబలిలో ఉప్పు మానేసి మజ్జిగ పోశాను. బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "నౌపడ ఉప్పు తిని పెరిగిన ఒళ్ళు నాది. ఈ సప్పిడి కూడు గొడ్డు కూడా ముట్టదు," అన్నాడు. నాకు ఉప్పు వద్దని ఏ డాక్టరూ చెప్పలేదు. అయినా ఆయన ముందు నేనూ చప్పిడే తిన్నాను, ఆయన ఒక్కడికీ కష్టం కాకూడదని. అది ఎవరి కంటా పడలేదు.

వారం గడిచింది. ఆయన గొడవ చేయడం మానేశాడు. పళ్ళెం నాకినట్టు తింటున్నాడు. నేను మురిసిపోయాను, దారికి వచ్చాడని. ఒకనాడు ఆయన చుట్టల డబ్బా తేమకు మెత్తబడిందేమో చూద్దామని తీశాను. చుట్టలు లేవు, మానేశాడు, అంతవరకూ నిజమే. కాని డబ్బా నిండా రాళ్ళ ఉప్పు. నేను అటు తిరిగినప్పుడల్లా చిటికెడు వేసుకుంటున్నాడు. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషి, పాతికమంది కూలీలను నడిపించే మనిషి, ఉప్పు దొంగతనంగా తింటున్నాడు. అడిగితే, "డాట్రు మానీమన్నది సుట్ట. మానీసినాను కాదేటి," అన్నాడు.

నెల తిరిగేసరికి దాని మీద నువ్వు పంపిన మూట వచ్చింది. సింహాచలం సెలవు మీద ఊరికి పోయి తిరిగి వస్తూ తెచ్చాడు. డొంకూరు ఎండు చేపలు, ఊరమిరపకాయలు, కుండెడు ఆవకాయ. "మా ఆయన చిక్కిపోతన్నాడట, తినమని చెప్పు" అన్న నీ మాట కూడా మోసుకొచ్చాడు. అప్పా, నీ ప్రేమకు నేను వంక పెట్టను. ఆ మూట విప్పగానే గదంతా మన ఊరి వాసన వేసింది, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాని ఆ మూట ఆయనకు తామ్రశాసనం దొరికినట్టయింది. "సూడు, నీ అప్పే పంపినాది. దానికన్నా నీకు ఎక్కువ తెలుసా?" అని పళ్ళెం ముందు పెట్టుకుని కూచున్నాడు. చేపలు దాచాను. బావ పోయి సింహాచలం గదిలో తిన్నాడు. ఆవకాయ పక్కవాళ్ళకు పంచాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈలోగా తలనొప్పి తగ్గింది. ముక్కు కారడం ఆగింది. పదిహేను రోజులకు కొలిపించుకోవాలని బతిమాలి తీసుకుపోతే, పాదరసం పెద్దగా దిగలేదని డాక్టరు చెప్పాడు. బావకు కోపం వచ్చింది. "నాను బాగున్నాను, ఈ గొట్టానికే పిచ్చెక్కినాది," అని బయటికి నడిచాడు. ఇక నేను రమ్మంటే రాలేదు.

ఇప్పుడు రాసేది నా తప్పు. పంతులు గారూ, ఇది కూడా చదవండి. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం నేను మిల్లు నుంచి అలిసి వచ్చి వండి పెట్టాను. బావ కంచం తోసేశాడు. నాకు ఎక్కడ లేని ఒళ్ళుమంట వచ్చింది. ఉప్పు కుండ తెచ్చి ఆయన ముందు బోర్లించాను. "తిను. కడుపు నిండా తిను. మీ నాన్న లాగ మంచాన పడితే మా అప్ప ఇంకో ఏడాది గంజి తాగిస్తుంది, దానికేం పని లేదు కదా," అన్నాను. ఆ రోజు నుంచి నేను పట్టించుకోవడం మానేశాను. అన్నీ ఉప్పు వేసే వండాను. వినని మనిషికి చెప్పి నా గొంతు ఎండబెట్టుకోవడమెందుకు అనుకున్నాను.

నాలుగో రోజు పట్టపగలే జరిగింది. రేవులో పడవకు బస్తాలు ఎక్కిస్తున్నారు. ఒక కూలీ తడి బల్ల మీద జారి, బస్తా నీళ్ళలో వేశాడట. బావ వాడి మీదకు పోయి అరుస్తున్నాడు. నేను పద్దు పుస్తకంతో రేవు గట్టు మీద ఉన్నాను. ఆయన గొంతు నాకు వినబడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆ అరుపు మాటలు లేని అరుపైంది. ఆయన చేతిలోని బెత్తం కింద పడింది. వంగి తీసుకోబోయాడు. వేళ్ళు దాన్ని పట్టలేదు. మళ్ళీ వంగాడు, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఏదో చెప్పబోతున్నాడు. నోరు ఒక పక్కకు లాగుతోంది, నాలుక మడతపడి శబ్దమే వస్తోంది. ఆయనకు తెలుస్తోంది, తన మాట మాట కావడం లేదని. ఆ కళ్ళలో భయం నేను ఎన్నడూ చూడలేదు. అందరం కలిసి ఆయన్ని ఎత్తాం. రిక్షాలో నా ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా వాన. నా నాలుక మీద ఆ ఉప్పు కుండ మాటలే తిరిగాయి.

ఆసుపత్రిలో మన డాక్టరు గారే వచ్చి చూశాడు. చేయి ఎత్తమన్నాడు. ఎడమ చెయ్యి లేచింది, కుడిది సగం దాకా లేచి పడిపోయింది. "నీ పేరు చెప్పు," అన్నాడు. కూర్మయ్య అనడానికి "కూ, కూ" అన్నాడు. "నీ భార్య పేరు?" అని అడిగాడు. బావ గోడ వైపు తిరిగాడు. మాట పూర్తిగా పోయిందని డాక్టరు రాసుకోబోతుంటే నేను, "అయ్యా, మా వైపు మొగాళ్ళు పెళ్ళాం పేరు పలకరు," అన్నాను.

"ఇప్పుడు పలకాలి," అన్నాడు డాక్టరు.

అప్పా, పాతికేళ్ళ కాపురంలో ఆయన నిన్ను 'ఓసే' అనో, 'ఇదిగో' అనో తప్ప పిలవడం నేను వినలేదు. ఆ మంచం మీద మొదటిసారి నీ పేరు పలకబోయాడు. "నీ" అన్నాడు. "నీయ" అన్నాడు. అంతకు మించి రాలేదు. మూడుసార్లు ప్రయత్నించి కళ్ళు మూసుకున్నాడు. కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకుందామని కుడి చెయ్యి ఎత్తబోతే అది లేవలేదు. నేను తుడిచాను.

మర్నాడు పొద్దున నేను అంబలి పట్టుకుని పోయేసరికి ఆయన లేచి కూచుని ఉన్నాడు. మూతి సరిగానే ఉంది. చెయ్యి మెల్లగా లేస్తోంది. కిటికీ వైపు చూస్తూ ఒకటే మాట అంటున్నాడు. "నీలమ్మ. నీలమ్మ. నీలమ్మ." పక్క మంచం మీద చిట్టగాంగు ముసలాయన ఒకడు ఉన్నాడు. అది మీ దేవత పేరా అని హిందుస్తానీలో నన్ను అడిగాడు. అవునన్నాను.

బావ నన్ను చూసి, "వొచ్చీసినాదిరా," అన్నాడు. "నిన్న ఎంత ఎతికినా దొరకనేదు. నోట్లో ఉన్నాది, బయటికి రానేదు. మా అయ్యకి ఏడాది ఇలగే ఉండినాదేటో. మనం ఆయనకి తెలివి నేదనుకున్నాం."

నేను మంచం పట్టె మీద కూచుండిపోయాను. ఉప్పు కుండ సంగతి ఎత్తి తప్పయిందన్నాను. "నువ్వు కుండ బోర్లించినావు గానీ తిన్నది నాను కాదేటి," అన్నాడు.

డాక్టరు ఇద్దరినీ కూచోబెట్టి చెప్పాడు. ఈసారి నాళం తాత్కాలికంగా మూసుకుని మళ్ళీ తెరుచుకున్నట్టుందట. అందరికీ ఇలా తెరుచుకోదు. ఇది హెచ్చరిక అనుకోమన్నాడు. రేవులో అరిచే పని మానాలన్నాడు. రోజూ లేవగానే రెండు చేతులూ ఎత్తి చూసుకోవాలి, ఏదో ఒక పేరు పైకి పలికి చూసుకోవాలి. చెయ్యి జారినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా, కాసేపటికి అదే సర్దుకున్నా, ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి. మంత్రాలకూ పసర్లకూ పొద్దు పుచ్చకూడదు.

ఆ రోజు నుంచి బావ మారాడు. నెమ్మదిగా కాదు, ఒక్కసారిగా. ఇది ఇంకో తలనొప్పి నాకు. గిడ్డంగిలో కూచుని బస్తాలు లెక్క చూసే పనికి మిల్లువాళ్ళు మార్చారు. పళ్ళెం ముందు కూచుంటే, "ఇందులో ఉప్పు ఎంత ఏసినావు? సూపించు," అంటాడు. నేను నా పళ్ళెంలో ఊరమిరపకాయ ఒకటి పెట్టుకుంటే దాన్ని తీసి అవతల పారేశాడు. సింహాచలాన్ని చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరకు లాక్కుపోయి కొలిపించాడు. లైనులో ఎవరి ముక్కు కారినా, ఎవరి తల తిరిగినా ఈయన హాజరు. "నొప్పి నేదని ఊరుకోకు. నొప్పి నేకపోడమే దీని ఎదవ బుద్ధి," అని డాక్టరు మాట తన మాటగా చెప్తున్నాడు. పదిహేనో రోజు నాకంటే ముందు చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పాదరసం కొంత దిగిందని డాక్టరు చెప్పాడు. ఇంకా దిగాలి. ఇది బతికినన్నాళ్ళూ చేయవలసిన పని, అయిపోయిందని చేతులు దులుపుకునేది కాదు అన్నాడు.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. పత్యం పేరుతో మీ ఆయన కడుపు మాడుస్తున్నానని నన్ను రెండు పేజీలు తిట్టావు. తిట్టు, పడతాను. కాని చివర రెండు ముక్కలు రాయించావు చూడు. నెల రోజులుగా తల తిరుగుతోందని, సాయంత్రమయ్యేసరికి పాదాలు పొంగుతున్నాయని, మొన్న నూతి దగ్గర బిందె ఎత్తుతూ కూలబడ్డావని, వయసు మీద పడింది గనుక మామూలే, దిగులు పడవద్దని. నేను చదవడం ఆపేశాను. బావ మొహం పాలిపోయింది. "మల్లీ సదువు," అన్నాడు. చదివాను. "కాళ్ళు పొంగుతన్నాయని రాసినాదా?" అన్నాడు. అవునన్నాను. లేచి ఆ చిన్న గదిలోనే అటూ ఇటూ తిరిగాడు.

అప్పుడు డాక్టరు దగ్గరకు పోయి అడిగాం. చూడకుండా ఏ జబ్బని చెప్పలేనని, రక్తం తక్కువైనా కాళ్ళు పొంగవచ్చని, కాని కొలిపించకుండా వదిలేయవద్దని అన్నాడు. బరంపురంలో ఈ పరికరం ఉన్న డాక్టరు ఉన్నాడని చెప్పి, చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ ఈ కవరులోనే పెట్టాను. పోగొట్టకు. సుమ్మాదేవిలో రైలెక్కి పంతులు గారిని తోడు తీసుకుని వెళ్ళు. ఊడ్పులు అయ్యాక, పండగ అయ్యాక అనకు. ఈ వారమే వెళ్ళు. నువ్వు వెళ్ళలేదని తెలిస్తే నా కోపం సముద్రం దాటి వస్తుంది. నిజంగా చెప్తున్నాను, అప్పా, మీ మొగుడూ పెళ్ళాల వల్ల నాకే ఆ పాదరసం ఎక్కేటట్టుంది.

ఇక్కడ నుంచి బావ చెప్తుంటే రాస్తున్నాను. ఆయన మాట ఆయన నోటి వెంట వచ్చినట్టే రాయాలట.

"ఇదిగో, ఇను. ఎండు సేపలు నాకు పంపకు. నువ్వూ తినకు. గంజిలో ఉప్పు కల్లు ఏసుకుంటావు, అది మానీ. మొదట పది రోజులు నోటికి మట్టి తిన్నట్టుంటాది. తరవాత అలవాటైపోద్ది. నాకు అయినాది, నీకెందుకవదు? నూతి కాడికి ఒక్కద్దానివే ఎల్లకు. మా అమ్మకి సెప్పు, నీల్లు వేరేవొల్లు తోడతారు. నువ్వు మా అయ్యకి సేసినావు, ఎవుల్నీ ఒక్క మాట అననేదు. నీకు సెయ్యడానికి నాను ఒత్తన్నాను. కార్తీకంలో వోడెక్కుతాను. నువ్వు అంతవరకూ ఆగకు, బరంపురం ఎల్లి కొలిపించీసుకో. నొప్పి నేదు కదా అని మాత్రం అనకు."

అంతే చెప్పాడు. ఇంకేమైనా ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు.

వానలు తగ్గాక బావ వస్తాడు. బారువ రేవులో దిగితే బండి పంపించు, నడిచి రానివ్వకు. నేను ఇప్పట్లో రాలేను, మిల్లువాళ్ళు ఇద్దరికీ ఒకేసారి సెలవివ్వరు. నాకు బెంగ లేదని రాస్తే అబద్ధం. ఆయన పోయాక ఈ గదిలో నేను ఎవరి మీద అరవాలో తెలియడం లేదు. అయినా నా గురించి దిగులు పడకు, వేళకు తింటున్నాను, డాక్టరు నాకూ కొలిచి, బాగానే ఉందన్నాడు. పంపగలిగితే చోళ్ళు, ఉలవలు, కాస్త చింతపండు పంపు. ఉప్పు తగిలిన వస్తువు ఏదీ ఆ మూటలో ఉండకూడదు.

మీ అత్తగారికి నా పాదాభివందనాలు చెప్పు. ఇది విని ఆవిడ ఏడిస్తే, మామగారికి ఆ రోజుల్లో ఎవరికీ తెలియక జరిగింది, ఇప్పుడు తెలిసింది అని చెప్పు. పంతులు గారికీ, వీధిలో పెద్దలందరికీ నమస్కారాలు. మీ అందరి దీవెన మా మీద ఉండాలి.

ఇంకొక్క సంగతి, అప్పా. బావ ఊరికి వచ్చాక ప్రతి రోజూ లేస్తూనే రెండు చేతులూ పైకెత్తి నిన్ను పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. వీధిలో వాళ్ళు నవ్వుతారు. మీ అత్తగారు నోరు నొక్కుకుంటుంది. నువ్వు సిగ్గుపడి లోపలికి పోకు. ఆగి, మాట తిన్నగా వచ్చిందో లేదో శ్రద్ధగా విను. తిన్నగా వస్తే, పాతికేళ్ళ నుంచి పిలవనివాడు పిలిచాడు గనుక, ఎంత పనిలో ఉన్నా 'ఊఁ' అని పలుకు.

నీ తిట్లకూ నీ దీవెనకూ ఒకేలా తల వంచే తమ్ముడు,
నారాయణ